ధర చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే వీడియో ఆటల పేజీని నేను క్రమం తప్పకుండా చదువుతాను. నా వయసువాళ్లు ఆ పేజీ తిప్పేసి రాశిఫలాల దగ్గర ఆగుతారని మీ కుర్ర విలేకరులు అనుకుంటూ ఉండవచ్చు. ఇటీవల అందులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలను పోల్చి నక్షత్రాలు వేశారు. తెర మీద బొమ్మ బాగుందని మ్యాడెన్ అనే ఆటకు నాలుగు, బొమ్మ బాగాలేదని మిగతావాటికి రెండేసి. ధర గురించి ఒకే వాక్యం: నాణ్యత పెరిగింది కాబట్టి ధర 70 డాలర్లకు పెరిగిందని. డిగ్రీ కళాశాలలో జీవితమంతా గణాంకశాస్త్రం చెప్పినవాడిని. ఆ వాక్యం కింద ఎర్రసిరా గీత గీయకుండా ఉండలేకపోయాను.

అనంతపురంలో కూర్చున్న ముసలాయనకు ఈ ఆటతో ఏం పని అంటారేమో. మా అమ్మాయి కుటుంబం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. డల్లాస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన చేసే మైదానం ఆ ఊళ్లోనే ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఈ ఆట పిచ్చి పట్టకపోతే ఆశ్చర్యపోవాలి కానీ పడితే కాదు. మనవడు ఏటా ఆగస్టు రాగానే కొత్త మ్యాడెన్ కావాలంటాడు. డబ్బు కట్టేది అల్లుడు, వాదనకు దిగేది నేను.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. జట్టుకు 11 మంది. గోల్ గీతల మధ్య మైదానం నూరు గజాలు. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ లోపల పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు. ప్రతి ప్రయత్నం తర్వాత ఆట ఆగి, మళ్లీ మొదలవుతుంది. అంటే క్రికెట్‌లో బంతి బంతికీ లెక్క రాసుకునే వీలు ఎలా ఉందో ఇక్కడా అంతే. అందుకే ఇంటింటికీ కంప్యూటర్ రాకముందే అమెరికన్లు దీన్ని కార్డులు, పాచికలతో బల్లమీద ఆడేశారు. స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే సంస్థ ఫుట్‌బాల్ ఆట పెట్టె 1968లోనే వచ్చింది.

మ్యాడెన్‌కూ గౌరవప్రదమైన చరిత్రే ఉంది. ఓక్లాండ్ రైడర్స్ శిక్షకుడిగా పేరు తెచ్చుకుని తర్వాత వ్యాఖ్యాతగా మారిన జాన్ మ్యాడెన్ పేరు మీద వచ్చిందది. ఆనాటి యంత్రాల శక్తి చాలదు, జట్టుకు ఆరేడుగురితో సరిపెడదామని ఆ ఆట తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వాళ్లు అడిగితే, 11 మంది లేకపోతే అది అసలు ఆటే కాదని ఆయన పట్టుబట్టారు. దాంతో ఏళ్లు గడిచి, 1988లో యాపిల్ టూ కంప్యూటర్ మీద అది విడుదలైంది. ఇలాంటి మొండితనానికి డబ్బు పెట్టమంటే నేను మారుమాట్లాడకుండా పెడతాను.

ఇక ధర సంగతి. 2004లో ఈ ఆటకు గట్టి పోటీదారు ఉండేది. ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కే5 అనే ఆటను ఆ ఏడాది జులైలో 20 డాలర్లకే అమ్మకానికి పెట్టారు. అప్పటికి మ్యాడెన్ ధర 50 డాలర్లు. చవక కదా, నాసిరకమేమో అనుకుంటే పొరపాటు. ఇప్పటికీ దాన్ని తలుచుకునే అభిమానులున్నారు. కొన్ని నెలలు తిరగకముందే మ్యాడెన్ 30 డాలర్లకు దిగివచ్చింది. అదే ఆట, అదే బొమ్మ, అదే డిస్కు. మారింది పక్క దుకాణం ఒక్కటే. ఆ డిసెంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌తో, ఆటగాళ్ల సంఘంతో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. నిజమైన జట్ల పేర్లు, ఆటగాళ్ల పేర్లు ఇక వేరెవరూ వాడకూడదు. మరుసటి ఏడాది మ్యాడెన్ మళ్లీ 50 డాలర్లు! దీనిమీద కొనుగోలుదారులు వేసిన దావా 2012లో 2.7 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. సంస్థ తప్పు ఒప్పుకోలేదు. 2020లో ఎన్‌ఎఫ్‌ఎల్ పాత పోటీదారు 2కే సంస్థకు కూడా తలుపు తెరిచింది కానీ ఒక షరతుతో: సిమ్యులేషన్, అంటే అసలు ఆటను ఉన్నదున్నట్టు అనుకరించేది, కాని సరదా ఆటలు మాత్రమే చేసుకోవాలి. తలుపు తెరిచి గడప దాటవద్దన్నట్టుంది.

మరి 70 డాలర్లు ఎక్కువేనా? ఇక్కడే మీ విలేకరి వాక్యం రెండోసారి కూలుతుంది. ధరల సూచీ ప్రకారం లెక్కేస్తే 2004 నాటి 50 డాలర్లు ఈనాటి 80 డాలర్ల పైమాటే. అంటే అట్టపెట్టె మీద ధర నిజానికి తగ్గింది. నాణ్యత పెరగడం వల్ల ధర పెరిగిందని చెప్పడానికి అసలు ధర పెరిగితే కదా! తగ్గిన ధరకు అమ్మే సంస్థ దానధర్మాలు చేయడం లేదు. డబ్బు వేరే దారిలో వస్తోంది.

ఆ దారి పేరు అల్టిమేట్ టీమ్. మ్యాడెన్‌లోకి ఇది 2010 ఆట నాటికి వచ్చింది. ఆటగాళ్లను కార్డులుగా చేసి మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు. లోపల ఎవరున్నారో కొని తెరిస్తే గాని తెలియదు. మా మనవడు వీడియో కాల్‌లో నాకు చూపిస్తూ ఒక ప్యాకెట్ తెరిచాడు. తెర ఒక్క క్షణం చీకటైంది, అంచుల్లోంచి బంగారు రంగు వెలుగు పొంగింది, కార్డు వెనుకవైపు తిరిగి ఊరిస్తూ ఊరిస్తూ ముందుకు తిరిగింది. ఎవరో పేరు తెలియని ఆటగాడు. వాడి ముఖం వాడిపోయింది, వెంటనే వెలిగింది. "ఇన్నిసార్లు రాలేదు కదా తాతయ్యా, ఈసారి తప్పకుండా మంచిది వస్తుంది" అన్నాడు. నాణెం వరసగా బొరుసు పడిందని తర్వాతిసారి బొమ్మ పడి తీరాలనే నియమం లేదని నేను ఎన్ని తరగతుల్లో నల్లబల్ల మీద రాశానో. ఆ ప్యాకెట్ల రూపకర్తలకు ఆ పాఠం నాకంటే బాగా తెలుసు; వాళ్లు దాన్ని తలకిందులుగా వాడుకుంటున్నారు. పైగా ఈ ఏడాది పోగేసిన కార్డులు వచ్చే ఏడాది ఆటలోకి రావు. ఆగస్టులో మళ్లీ మొదటికి.

ఇది అమెరికా పిల్లల గొడవ అనుకోవద్దు. ఇదే సంస్థ అమ్మే సాకర్ ఆటలోనూ ఇదే పద్ధతి. మా సాయినగర్‌లో, కమలానగర్‌లో ఆ ఆట ఆడే పిల్లలు తల్లిదండ్రుల ఫోన్లలోని యూపీఐ వైపు ఆశగా చూస్తున్నారు. బెల్జియం నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి ప్యాకెట్లను జూదమని తేల్చింది. మరుసటి ఏడాది జనవరి నాటికి ఆ దేశంలో సాకర్ ఆటలో ప్యాకెట్లు కొనే పాయింట్ల అమ్మకం ఆపేశారు. మన పార్లమెంటు 2025లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చింది. ఈ ప్యాకెట్లు దాని కిందికి వస్తాయా రావా అన్న చర్చ మీ పేజీల్లో నా కంట పడలేదు.

సిమ్యులేషన్ అన్నాక దాన్ని కొలిచే పద్ధతి ఒకటుండాలి. చెమట చుక్క మెరిసిందా, గడ్డి ఊగిందా అన్నది సినిమా వాళ్ల లెక్క. నా పద్ధతి వేరు: ఎవరూ ఆడకుండా యంత్రానికే వదిలేసి సీజన్ మీద సీజన్ నడపాలి, సగటులు తీయాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇటీవల జట్టుకు మ్యాచ్‌కు దాదాపు 22 పాయింట్లు వస్తున్నాయి. విసిరిన బంతుల్లో నూటికి 65 దాకా అందుతున్నాయి. బంతి పట్టుకుని పరుగెత్తితే ఒక్కోసారి నాలుగు గజాల పైచిలుకు. ఆట ఇచ్చే అంకెలు వీటి చుట్టూ తిరుగుతున్నాయా? పదేళ్లు నడిపాక కూడా తిరుగుతున్నాయా, లేక ప్రతి జట్టులోనూ మహావీరులే పుట్టుకొస్తున్నారా?

ఈ పరీక్షకు నిలిచేవి బొమ్మలు లేని ఆటలు. ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ అని 1998 నుంచి ఉంది. జిమ్ గిండిన్ అనే ఒక్క మనిషి చేసిన ఆట. తెర నిండా అంకెల పట్టికలే. మా ఆవిడ దాన్ని చూసి, రిటైరయ్యాక కూడా జవాబుపత్రాలు దిద్దుతున్నారా అని అడిగింది. లైసెన్సు లేదు కాబట్టి ఆటగాళ్ల పేర్లన్నీ కల్పితం. కానీ 53 మంది జట్టు, ఏడు విడతల కొత్త ఆటగాళ్ల ఎంపిక, జీతాల మీద గరిష్ఠ పరిమితి అన్నీ ఉంటాయి. ఆ పరిమితి 2024లో జట్టుకు 25.54 కోట్ల డాలర్లు. ఒక్క మేటి ఆటగాడికి నోరు తిరగనంత జీతం రాసిస్తే ముందు వరసలో అతన్ని కాపాడేవాళ్లకు మిగలదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. నాలుగో ప్రయత్నం. ఇంకా రెండు గజాలు కావాలి. బంతి ప్రత్యర్థి 38 గజాల గీత దగ్గర ఉంది. తన్ని మూడు పాయింట్లు కొట్టాలంటే అది బాగా దూరపు తన్ను. గురి తప్పితే బంతి ఎదుటివాడికి మంచి చోటే దొరుకుతుంది. దూరంగా తన్ని వదిలించుకుంటే అవతలివాడి పరిస్థితి కొంచెం ఇరుకవుతుంది, అంతే. తెగించి ఆ రెండు గజాలకు పోతే సగానికి పైగా సఫలమవుతాయని పాత మ్యాచ్‌ల లెక్క. పాతకాలపు శిక్షకులు తెగించేవారు కాదు, ఇప్పటివాళ్లు తెగిస్తున్నారు. ఎదుటి జట్టు నడిపే యంత్రం ఇక్కడ ఏం చేస్తుందో చూస్తే ఆ ఆట రాసినవాడికి ఫుట్‌బాల్ ఎంత తెలుసో తెలిసిపోతుంది. నేనైతే నక్షత్రాలు దానికి వేస్తాను.

ఇంత శ్రద్ధ లేనివారికి రెట్రో బౌల్ ఉంది. 2020లో ఫోన్లలోకి వచ్చింది. బొమ్మలు పాతకాలపు చుక్కల బొమ్మలు. దించుకోవడం ఉచితం, పూర్తి ఆటకు ఒకసారి చిన్న మొత్తం కడితే సరి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మనవడు నాకు నేర్పింది ఇదే. ఉదయం ఉగ్గాని, బజ్జీ తింటూ నూనె వేళ్లతో ఫోను పట్టుకున్నందుకు ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. సిమ్యులేషన్‌గా దానికి పెద్ద మార్కులు వేయలేను, డిఫెన్స్ మన చేతిలో ఉండదు. కానీ రూపాయికి వచ్చే వినోదం లెక్కేస్తే మ్యాడెన్ దాని దరిదాపులకు రాదు.

కంప్యూటర్ మీద ఆడేవాళ్ల కష్టం మీరు రాయనే లేదు. 2007 తర్వాత 2018 దాకా మ్యాడెన్ కంప్యూటర్‌కే రాలేదు. వచ్చాక కూడా కొన్నేళ్లు పాతతరం కన్సోళ్ల, అంటే టీవీకి తగిలించి ఆడే యంత్రాల, రూపాన్నే ఇచ్చారు. 2023లో గాని కొత్తతరం ఆట కంప్యూటర్‌కు దక్కలేదు. డిస్కు కొంటే మళ్లీ అమ్ముకోవచ్చు, దించుకున్నది అమ్ముకోలేం. మీ పట్టికలో ఈ తేడాకూ ఒక గడి ఉండాలి. కళాశాల జట్ల ఆట సంగతి కూడా అంతే. ఆటగాళ్ల పోలికలను పైసా ఇవ్వకుండా వాడుకున్నారన్న కోర్టు గొడవలతో 2013 తర్వాత అది ఆగిపోయింది. 2024 జులైలో తిరిగి వచ్చినప్పుడు ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, ఒక ఆట ప్రతి ఇచ్చారు. కొనేవాడు చెల్లించే 70లో ఎవరి వాటా ఎంతో తెలుసుకోవడం పాఠకుడి హక్కు కాదా?

మాటల్లో మాట. మన కబడ్డీ కూడా ఇలా ముక్కలు ముక్కలుగా లెక్కకు అందే ఆటే. ఏడుగురు, 30 సెకన్ల కూత, వరసగా రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది చావో రేవో. లైసెన్సు లేకపోతే కల్పిత పేర్లు పెట్టుకోవచ్చు. ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని ఫుట్‌బాల్ లీగ్‌నంతా కంప్యూటర్‌లోకి ఎక్కించగలిగినప్పుడు, మా జేఎన్‌టీయూ పిల్లలు నలుగురు కలిసి కబడ్డీని ఎక్కించలేరా? గణితం కావాలంటే నేను మధ్యాహ్నాలు ఖాళీయే.

నా కోరిక చిన్నది. ఈసారి ఈ ఆటలను పోల్చినప్పుడు నక్షత్రాల పక్కన నాలుగు అంకెలు వేయండి: విడుదల నాటి ధర, నవంబరు చివరి తగ్గింపుల్లో ధర, ఫిబ్రవరిలో సీజన్ ఆఖరి మ్యాచ్ సూపర్ బౌల్ ముగిశాక ధర, లోపల కార్డులు కొనకుండా ఏ మేరకు ఆడవచ్చో. ఆగస్టులో 70 డాలర్లకు దొరికేది నవంబరు చివరికే సగానికి దిగడం మామూలు. మరికొన్ని నెలలు ఆగితే ఆ సంస్థ నెలవారీ చందా పథకంలో చేరిపోతుంది. ఆగగలిగినవాడు ఆగుతాడు. మా మనవడు ఆగడనుకోండి, కానీ వాళ్ల నాన్న మీ పత్రికను నెట్‌లో చదువుతాడు. కొత్త మ్యాడెన్ ఆగస్టులో వస్తుంది. ఆ పట్టిక జులైలోనే వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
కమలానగర్, అనంతపురం