అభిమానుల ప్రేమను యజమానుల యోగ్యతాపత్రంగా చూడకండి: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డేవిడ్ కోగన్ గారికి,
అధ్యక్షులు, స్వతంత్ర ఫుట్‌బాల్ నియంత్రణ సంస్థ, ఇంగ్లండ్.

అయ్యా,

నేను న్యూకాసిల్ నగరంలో స్థిరపడిన తెలుగువాడిని, న్యూకాసిల్ యునైటెడ్ సీజన్ టికెట్ ఉన్న అభిమానిని. మా సొంత జిల్లా తెలంగాణలోని జగిత్యాల. ఈ లేఖ ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. మా క్లబ్బు యజమానుల దేశమైన సౌదీ అరేబియాలో రెక్కలు ముక్కలు చేసుకుంటున్న వేలాదిమంది మా జిల్లాలవాళ్లే. వాళ్ల కుటుంబాలు, ఇంగ్లండులో ఈ క్లబ్బుల జెర్సీలు వేసుకుని తిరిగే మన పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

2021 అక్టోబర్ 7న సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడుల నిధి, అంటే పీఐఎఫ్, మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి సుమారు 30 కోట్ల పౌండ్లకు మా క్లబ్బును కొన్నది. ఆ సాయంత్రం మా స్టేడియం సెయింట్ జేమ్స్ పార్క్ బయట వేలమంది చేరి పండగ చేసుకున్నారు. ఆ తర్వాతి మ్యాచ్‌కు కొందరు తలకు తువ్వాళ్లు చుట్టుకుని అరబ్బుల వేషంలో వచ్చారు. దేశమంతా ఆ దృశ్యాలను టీవీలో చూసి, ఈ ఊరివాళ్లకు డబ్బుంటే చాలు, నీతి అక్కరలేదని తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు అన్యాయమైనది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటుంది: ఆ సంబరాన్ని చూపించి, ఈ అమ్మకానికి అభిమానుల ఆమోదం ఉందని అధికారంలో ఉన్నవారు సర్దిచెప్పుకోవడం. ఈ రెండో పొరపాటు మీ సంస్థ చేయకూడదని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ సాయంత్రం జనం దేనికి సంతోషించారో ముందు అర్థం చేసుకోవాలి. 2007 నుంచి 14 ఏళ్లపాటు క్లబ్బు మైక్ యాష్లీ చేతిలో ఉంది. ఆ కాలంలో జట్టు రెండుసార్లు, 2009లోనూ 2016లోనూ, కింది డివిజన్‌కు పడిపోయింది. 2011లో స్టేడియం పేరునే తీసేసి తన దుకాణాల పేరు పెట్టుకున్నాడు. అన్నేళ్లూ అభిమానులు నినాదాలు చేశారు, కొందరు మ్యాచ్‌లు బహిష్కరించారు, ఉత్తరాలు రాశారు, ఎవరూ వినలేదు. 2020లో అభిమానుల ట్రస్టు సభ్యులను అడిగినప్పుడు 90 శాతానికి పైగా అమ్మకానికి అనుకూలంగా చెప్పారంటే, అందులో సగం సంగతి ఆ పద్నాలుగేళ్ల విసుగే. ఊపిరాడని గదిలో ఉన్నవాడు తలుపు తెరిచిన మనిషి ఎవరని అడగడు. అయితే ఆ ప్రశ్న అడగవలసినవారు వేరే ఉన్నారు, అప్పుడు వారు సరిగా అడగలేదు.

అభిమానిని సాధారణ వినియోగదారుడితో సమానంగా చూడటం దగ్గరే అసలు తప్పు మొదలవుతుంది. యజమాని నచ్చకపోతే వెళ్లడం మానేయవచ్చు కదా అని చాలామంది అంటారు. మా ఊళ్లో తాత చేతి నుంచి తండ్రికి, తండ్రి చేతి నుంచి కూతురికి వచ్చిన సీట్లున్నాయి. ప్రతి మ్యాచ్‌కు ముందు స్టేడియం పక్కన అభిమానులే నిలబడి పేదల ఫుడ్‌బ్యాంకు కోసం డబ్బు, సరుకులు పోగుచేస్తారు. ఆ పనికి ఏ యజమానీ కారణం కాదు, ఏ యజమాని పోయినా అది ఆగదు. ఇలాంటి బంధాన్ని ఎవరూ రద్దు చేసుకోలేరు. రద్దు చేసుకోలేని బంధాన్ని చూపి, అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనడం న్యాయం కాదు.

2025 మార్చి 16న వెంబ్లీలో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్పు గెలిచాం. దేశీయ పోటీల్లో మాకు పెద్ద ట్రోఫీ దక్కి 70 ఏళ్లయింది. మొదటి సగం ముగుస్తుండగా కార్నర్ నుంచి వచ్చిన బంతిని డాన్ బర్న్ దూరం నుంచే తలతో కొట్టాడు. పక్కనే ఉన్న బ్లైత్ పట్టణంలో పుట్టి, చిన్నప్పుడు ఇదే క్లబ్బు వద్దనుకుని పంపేసిన మనిషి అతను. బంతి గోల్‌పోస్టు మూలకు చేరేసరికి నా ముందు వరుసలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుండిపోయాడు. లేపడానికి వెళ్లిన మనవడు కూడా ఆయన పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు ఎంత నిజమో నాకు తెలుసు. బర్న్‌ను 2022 జనవరిలో తిరిగి తెచ్చిందీ, రెండో గోలు కొట్టిన ఇసాక్‌ను కొన్నదీ కొత్త యజమానుల డబ్బేనన్న సంగతి కూడా అంతే నిజం. సంతోషాన్ని ఒకవైపు, డబ్బును మరోవైపు విడదీసి పెట్టుకోగల అభిమాని ఎవరూ లేరు. యజమానులకు కావలసింది కూడా ఆ విడదీయలేనితనమే. మా ఆనందం పక్కన వాళ్ల పేరు ఉండాలి, అంతే.

ఆ పేరు వెనక ఏముందో మీకు తెలియనిది కాదు. పీఐఎఫ్ అధ్యక్షుడు సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్ కాన్సులేటులో జరిగిన సౌదీ విలేకరి జమాల్ ఖషోగ్జీ హత్యకు దారితీసిన చర్యను ఆయనే ఆమోదించారని అమెరికా నిఘా వర్గాలు అంచనా వేశాయి, ఆ నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. ఆ హత్యకు తాను ఆదేశించలేదని ఆయన చెబుతున్నారు. 2022 మార్చి 12న ఒక్కరోజే 81 మందికి మరణశిక్ష అమలు చేసినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి రోజు మా జట్టు చెల్సీతో ఆడింది. విలేకరులు అడిగితే కోచ్ ఎడ్డీ హౌ తాను ఫుట్‌బాల్ గురించే మాట్లాడతానన్నాడు. జట్టును ఆడించడమే పని అయిన ఒక కోచ్‌ను ఆ స్థితిలో నిలబెట్టింది ఈ ఏర్పాటును అనుమతించినవారే. ఇక్కడికి 100 మైళ్ల దూరంలోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సల్మా అల్ షెహాబ్ సెలవులకు సొంత దేశం వెళ్లినప్పుడు అరెస్టయింది. ట్విటర్‌లో పెట్టిన రాతలకుగాను 2022లో ఆమెకు 34 ఏళ్ల జైలు శిక్ష పడింది. తర్వాత శిక్ష తగ్గించారు, 2025 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఇద్దరు పిల్లల తల్లి నాలుగేళ్లు జైల్లో ఉన్నది.

నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా బాబాయి కొడుకు ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి, రియాద్‌లో ఒక నిర్మాణ కంపెనీలో పనికి వెళ్లాడు. చమురు ధరలు పడిపోయిన 2016లో అక్కడి కంపెనీలు జీతాలు ఆపేయగా క్యాంపుల్లో చిక్కుకుపోయిన వేలాది భారతీయుల్లో అతనొకడు. నెలల తరబడి జీతం లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది, ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి పత్రం, గడువు తీరిపోయింది, యజమాని సంతకం లేకుండా దేశం దాటే వీలులేదు. చివరికి రావలసిన జీతం వదులుకుని ఇల్లు చేరాడు. అప్పు తీరలేదు కనుక మళ్లీ సౌదీకే వెళ్లాడు. ఆ కంపెనీకీ పీఐఎఫ్‌కూ సంబంధం ఉందని నేను అనడం లేదు. కార్మికుల చట్టాల్లో 2021 నుంచి కొన్ని మార్పులు వచ్చిన మాటా నిజమే. అయితే మా క్లబ్బు అమ్ముడుపోయిన వారంలో దమ్మామ్ నుంచి అతను ఫోన్ చేసి, "అన్నా, మీ టీమును మా సౌదోళ్లు కొన్నరట గదా. ఇగ మనమిద్దరం ఒక్క సేటు కిందనే ఉన్నట్టు" అన్నాడు. కోపంతో కాదు, సంతోషంగానే అన్నాడు. ఆ రోజు అతనికి నేనేమీ జవాబు చెప్పలేకపోయాను.

మా క్లబ్బువాళ్లు మరో ప్రశ్న అడుగుతుంటారు, అది కొట్టిపారేయదగ్గది కాదు. బ్రిటన్ ప్రభుత్వమే సౌదీకి యుద్ధవిమానాలు అమ్ముతుంది, పీఐఎఫ్ డబ్బు ఉబర్‌లో ఉంది, ఆ కారెక్కి స్టేడియానికి వచ్చేవాడిని ఎవరూ నిలదీయరు, మమ్మల్నే ఎందుకు నిలదీస్తారు అని. వాళ్లు అడిగింది సబబే. ఒక దేశం తన వ్యాపార ప్రయోజనాలతో తేల్చుకోలేని నైతిక ప్రశ్నను తీసుకొచ్చి, శనివారం మధ్యాహ్నం పిల్లాడి చేయి పట్టుకుని మ్యాచ్‌కు వచ్చే మనిషి మీద పెట్టడం తప్పు. ఆ భారం ఉండవలసింది మీ సంస్థ మీద.

భారం అభిమాని మీద వదిలేస్తే ఏమవుతుందో 2022 మార్చి 5న బర్న్‌లీలో చూశాం. ఉక్రెయిన్ ప్రజలకు సంఘీభావంగా స్టేడియమంతా చప్పట్లు కొడుతుంటే చెల్సీ అభిమానుల్లో కొందరు తమ క్లబ్బు యజమాని, రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ పేరు జపించారు. ఐదు రోజులకే బ్రిటన్ ప్రభుత్వం ఆయనపై ఆంక్షలు విధించింది. ఆ పేరు జపించినవాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. దాదాపు రెండు దశాబ్దాలు కప్పులిచ్చిన మనిషి కోసం వాళ్ల గొంతు తనంతట తానే లేచింది. మా ఊళ్లోనూ అదే జరుగుతోంది. స్పోర్ట్స్‌వాషింగ్‌ను, అంటే ఆటల పేరుతో చెడ్డపేరు కడుక్కోవడాన్ని, వ్యతిరేకిస్తూ స్టేడియం బయట కరపత్రాలు పంచే కొద్దిమంది తోటి అభిమానులకు తిట్లు తప్పడం లేదు. క్లబ్బును ప్రేమించేవాళ్లే క్లబ్బు ద్రోహులనిపించుకుంటున్నారు. 2023 సెప్టెంబరులో సౌదీ జాతీయ జట్టు మా మైదానంలో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. మా జెర్సీ మీద ముందువైపు స్పాన్సరుగా పేరున్న సేలా కూడా పీఐఎఫ్ సంస్థే. ఇవన్నీ చూస్తూ, ఇక్కడ ఉన్నది పెట్టుబడిదారుడే, రాజ్యం కాదు అని మమ్మల్ని నమ్మమంటున్నారు.

ఎందుకంటే అమ్మకాన్ని ఒప్పుకున్న రోజున, ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీని నడిపే ప్రీమియర్ లీగ్ చెప్పింది అదే: సౌదీ రాజ్యం ఈ క్లబ్బును నియంత్రించదని తమకు చట్టబద్ధమైన హామీలు అందాయని. ఆ హామీల్లో ఏముందో, ఎవరు ఇచ్చారో, మీరితే ఏం చేస్తారో అభిమానులకు ఎవరూ చూపించలేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో గోల్ఫ్ పోటీల మీద నడుస్తున్న దావాలో పీఐఎఫ్ న్యాయవాదులు అందుకు పూర్తిగా విరుద్ధమైన మాట కోర్టుకు చెప్పారు. పీఐఎఫ్ సౌదీ రాజ్యపు అంగమని, దాని గవర్నరు యాసిర్ అల్ రుమయ్యాన్ పదవిలో ఉన్న మంత్రి అని, అందువల్ల వారిని సాక్ష్యానికి బలవంతం చేయకూడదని వాదించారు. ఆ రుమయ్యానే మా క్లబ్బు అధ్యక్షుడు. న్యూకాసిల్‌లో రాజ్యం కాదన్నవారు కాలిఫోర్నియాలో రాజ్యమేనన్నారు. దీని మీద విచారణ జరుగుతోందా అని పార్లమెంటు కమిటీ అడిగినా ప్రీమియర్ లీగ్ ప్రధాన అధికారి చెప్పడానికి నిరాకరించారు.

2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పాలనా చట్టం మీకు ఈ విషయంలో లీగ్‌కు లేని బలం ఇచ్చింది. కొత్తగా కొనేవారినే కాదు, ఆందోళనకు ఆధారం ఉన్నచోట ఇప్పటికే ఉన్న యజమానుల యోగ్యతను కూడా మీరు పరీక్షించవచ్చు. 2024లో మొదట వచ్చిన బిల్లు, యజమానుల విషయంలో మీరు ప్రభుత్వ విదేశాంగ, వాణిజ్య విధానాలను దృష్టిలో పెట్టుకోవాలన్నది. తర్వాతి బిల్లులో ఆ నిబంధన తీసేశారు. అంటే ఏ దేశంతో ఏ ఒప్పందం ఉందో చూసి తలవంచవలసిన అవసరం మీకు లేదు.

కనుక నేను కోరేది ఇది. 2021 నాటి హామీల పాఠాన్ని తెప్పించి ప్రచురించండి. అమెరికా కోర్టులో చెప్పిన మాటతో దాన్ని పక్కపక్కన పెట్టి, ఈ క్లబ్బు ఎవరి చేతిలో ఉందో మీ నిర్ణయాన్ని కారణాలతో సహా బయటపెట్టండి. మానవ హక్కుల ఉల్లంఘనను ప్రీమియర్ లీగ్ 2023 మార్చిలో తన యజమానుల యోగ్యతా పరీక్షలో చేర్చింది. మీ పరీక్ష అంతకంటే బలహీనంగా ఉండకూడదు, ఆంక్షల జాబితాలో పేరుందా లేదా అన్నదానితో ఆగిపోకూడదు. క్లబ్బు చేతులు మారే ముందు అభిమానుల మాట బహిరంగంగా వినండి, ఒక్క సర్వే అంకెతో సరిపెట్టకుండా, వ్యతిరేకించే కొద్దిమందికీ భయం లేకుండా మాట్లాడే చోటివ్వండి.

చివరిగా మా అందరి భయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. యజమాని గురించి అడిగితే క్లబ్బుకు దెబ్బ తగులుతుందని భయపడే చాలామంది నోరు మెదపరు. 2023-24లో ఎవర్టన్‌కూ నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కూ నష్టాల పరిమితి దాటాయని పాయింట్లు కోసినప్పుడు, లెక్కలు తప్పింది యజమానులైతే శిక్ష అనుభవించింది స్టాండ్లలో ఉన్నవాళ్లు. అనర్హుడైన యజమానిని తప్పించి, క్లబ్బును ధర్మకర్తల చేత నడిపించే మార్గం మీ చట్టంలోనే ఉంది. యజమాని మీద చర్య తీసుకున్నప్పుడు జట్టు పాయింట్లకు, సీజన్ టికెట్లకు, మైదానానికి హాని కలగదని మీరు రాతపూర్వకంగా ప్రకటిస్తే, ఇంతకాలం మౌనంగా ఉన్న చాలామంది అభిమానులు మీ విచారణకు వచ్చి మాట్లాడతారు. వారిలో మొదటివాడిగా రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
న్యూకాసిల్ యునైటెడ్ సీజన్ టికెట్‌దారు,
న్యూకాసిల్ అపాన్ టైన్.