నాన్నగారికి, ఆ పాయింట్ల సంగతి

డాలస్,
23 అక్టోబరు 2025.

పూజ్యులైన నాన్నగారికి మీ కుమారుడు రాము నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, శారద, పిల్లలు క్షేమంగా ఉన్నాము. అమ్మ, మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

దీపావళి నాడు ఫోనులో మీరు "సరే, ఉంటాను" అని పెట్టేసిన తరువాత మళ్ళీ చేసే ధైర్యం నాకు రాలేదు. మాటల్లో అయితే ఇద్దరమూ గొంతు పెంచుతాము కనుక ఉత్తరం వ్రాస్తున్నాను. బాబాయి దీనిని ప్రింటు తీయించి తెచ్చి ఇస్తానన్నారు. కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని, తీరికగా చదవండి.

ఆఫీసులో పని మామూలుగానే సాగుతున్నది. మా విభాగంలో కొందరిని తీసివేశారు, నన్ను కాదు. ఆ విషయం ఇంతటితో వదిలివేద్దాము.

ఆగస్టులో తమ్ముడి పెళ్ళి చూసుకుని తిరిగి వస్తూ నేను బిజినెస్ క్లాసులో కూర్చున్న మాట నిజమే. ఫోటో శారదకు పంపితే ఆమె ముచ్చటపడి స్టేటస్‌లో పెట్టడం, అది పిన్ని చూడడం, పిన్ని ద్వారా మీకు తెలియడం జరిగిపోయాయి. ముందుగా నేనే చెప్పకపోవడం తప్పు, అందుకు క్షమించండి. కాని "మనకెందుకురా ఆ జమీందారీ ప్రయాణాలు, ఐదు లక్షలు ఆకాశంలో తగలేశావా" అని మీరు అన్న మాట మాత్రం నాకు గుచ్చుకున్నది. ఆ సీటు ధర డబ్బుగా అయితే మీరన్నంతా ఉన్నది, కాదనను. నేను చెల్లించినది పాయింట్లు. పన్నులు, రుసుములు మాత్రం డబ్బుగా కట్టవలసి వచ్చింది కాబట్టి పూర్తిగా ఉచితమని కూడా చెప్పను.

పాయింట్లంటే మీకు వెంటనే ఆ చిట్టీల ఆయన గుర్తుకు వస్తాడని నాకు తెలుసు. ఇది రాత్రికి రాత్రి తాళం వేసుకుపోయే వ్యవహారం కాదు. మాకు పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో ప్రధాన కార్యాలయమున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇటువంటి పథకాన్ని 1981లో, అంటే మీరు వేమూరు రైల్వే స్టేషనులో డ్యూటీలో చేరిన రోజులలో, మొదలుపెట్టి నేటికీ నడుపుతున్నది. ఇప్పుడు విమానం ఎక్కకపోయినా పాయింట్లు వస్తాయి. క్రెడిట్ కార్డు మీద కూరగాయలు కొన్నా, పిల్లల ఫీజు కట్టినా డాలరుకు ఒకటో రెండో పాయింట్లు మన ఖాతాలో పడతాయి, వాటిని విమానసంస్థ ఖాతాలోకి మార్చుకుని టికెట్టు తీసుకోవచ్చు. ఇదంతా ఎవరి సొమ్ము అని మీరు అడుగుతారు. కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారు దగ్గర కంపెనీ కొంత శాతం తీసుకుంటుంది, నెలాఖరుకు బాకీ తీర్చలేని వారి దగ్గర ఏడాదికి 20 శాతం పైన వడ్డీ లాగుతుంది, అందులో కొంత నాబోటి వాళ్ళకు ఇట్లా తిరిగి ఇస్తుంది. ఇందులో ధర్మం ఎంతని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. నేను మాత్రం ఒక్క నెల కూడా బాకీ ఉంచలేదు, అది మీరు నేర్పినదే.

అయితే మీతో చెప్పవలసిన అసలు సంగతి వేరే ఉన్నది. 2023లో అమ్మ మోకాళ్ళ ఆపరేషనుకు నేను వచ్చినప్పుడు గుంటూరు ఆసుపత్రి కౌంటరు దగ్గర మీరు సంచిలోనుంచి నోట్ల కట్టలు తీస్తుంటే నేను చెయ్యి అడ్డుపెట్టి కార్డు ఇచ్చాను, గుర్తున్నదా? ఆ కార్డు నేను బయలుదేరడానికి రెండు వారాల ముందు తీసుకున్నది. మొదటి మూడు నెలలలో 4,000 డాలర్లు ఖర్చుపెడితే 80 వేల పాయింట్లు ఇస్తామని దాని షరతు. మా ఇంటి ఖర్చుతో అది ఎప్పటికి తీరేదో గాని, అమ్మ బిల్లుతో ఒక్కరోజులో తీరిపోయింది. మీరు బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నారు, నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. అమ్మను ఇంకా థియేటరులోనుంచి బయటకు తీసుకురాలేదు. అటువంటి సమయంలో ఆ లెక్క వేసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అందుకే ఆ పాయింట్లు అమ్మవని అప్పుడే అనుకున్నాను, శారదకూ చెప్పాను.

2019లో చిన్నది పుట్టినప్పుడు అమ్మ ఇక్కడికి ఎట్లా వచ్చిందో మీరు పక్కనే ఉండి చూశారు. మధ్య సీటు. లేచినప్పుడల్లా పక్కనున్న పెద్దమనిషిని నిద్రలేపవలసి వస్తుందని దోహా నుంచి డాలస్ దాకా గుక్కెడు నీళ్ళు సరిగ్గా తాగలేదు. దిగేసరికి పాదాలు పొంగి చెప్పులు పట్టలేదు. వాటిని చేత్తో పట్టుకుని, విమానంలో ఇచ్చిన మేజోళ్ళతోనే బయటి దాకా నడిచి వచ్చి, నన్ను చూసి "ఏం లేదురా, చెప్పులు కొత్తవి" అన్నది. ఆ చెప్పులు అంతకు ముందు సంవత్సరం నేనే కొనిపెట్టినవి. అప్పటికి సొంత మోకాళ్ళు. ఇప్పుడున్న మోకాళ్ళతో గంటకొకసారి లేచి నడవాలని, కాళ్ళు వ్రేలాడేసి ఎక్కువసేపు కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదమున్నదని డాక్టరుగారు మన ఎదుటే చెప్పారు.

మరి అమ్మవైన పాయింట్ల మీద నువ్వెందుకు ఎక్కావని అడగండి, అడగవలసిన మాటే. ఈ పాయింట్ల సీట్లు ఒక విమానంలో ఒకటో రెండో ఇస్తారు, చాలా రోజులు అసలు ఇవ్వరు. రోజూ రాత్రి పిల్లలు పడుకున్న తరువాత, పూర్వం మీరు రిజర్వేషను చార్టు చూసినట్లు, నేను తేదీలు తిరగేస్తూ కూర్చునేవాడిని. మార్చి నెలలో ఒకే రోజున రెండు సీట్లు కనిపించాయి. ఆత్రంగా 1,40,000 పాయింట్లు విమానసంస్థ ఖాతాలోకి మార్చి, తిరిగి చూసేసరికి రెండింటిలో ఒకటి ఎవరో ఎగరేసుకుపోయారు. ఒకసారి అటు వెళ్ళిన పాయింట్లు కార్డు ఖాతాలోకి మరల రావు. మిమ్మల్ని విడివిడిగా తీసుకురాలేను, పాయింట్లను వెనక్కు తెచ్చుకోలేను. పైగా ఇవి ఫిక్సెడ్ డిపాజిట్ లాగా పెరిగేవి కావు, పురుగుపట్టే బియ్యం వంటివి. ఈ రోజు 70 వేలు అడిగిన సీటుకు రేపు చెప్పాపెట్టకుండా 90 వేలు అడగవచ్చు. ఆగస్టులో నా తిరుగు ప్రయాణానికి ఒక్క సీటు కనిపించేసరికి, సగం వాడుకున్నాను.

ఆ ప్రయాణం ఎట్లా ఉన్నదో మీకు కాకపోయినా అమ్మకు తెలుసుకోవాలని ఉంటుంది, కనుక ఈ భాగం ఆమెకు పైకి చదివి వినిపించండి. దోహా విమానాశ్రయం నడుమ ఏడు మీటర్ల ఎత్తున పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మ, తలలో దీపంతో కూర్చుని ఉంటుంది కదా, క్రితంసారి మీరిద్దరూ దాని కాళ్ళ దగ్గర బెంచీ మీద పులిహోర పొట్లం విప్పుకుని తిన్నారు. ఈసారి నన్ను దానికి పైన ఉన్న లాంజికి పంపారు. అక్కడ కూర్చునేందుకు మెత్తని సోఫాలు, వేడి భోజనం, స్నానాల గదులు ఉన్నాయి. విమానంలో సీటుకు నడుము ఎత్తు దాటిన గోడలు, జరిపితే మూసుకునే తలుపు ఉంటాయి. చిన్న మీట నొక్కితే సీటు వెనక్కి వాలి, కాళ్ళ వైపు పలకతో కలిసి తిన్నని పడక అవుతుంది. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి పైన పలుచని పరుపు పరచి, దుప్పటి మడత విప్పి, అంచులు సర్ది వెళ్ళింది. రాత్రి దుస్తులు కూడా వాళ్ళే ఇచ్చారు. భోజనం మనకు ఆకలి వేసినప్పుడు అడిగితే తెచ్చిపెడతారు. శనివారమైనా అమ్మ దిగులుపడనక్కరలేదు, ఒక రోజు ముందు చెబితే ఉల్లి, వెల్లుల్లి లేని జైనుల భోజనం ఇస్తారు.

పడుకున్నాను గాని పదహారు గంటలలో మూడు గంటలైనా నిద్రపట్టలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆరోగ్యవంతుడిని, కాళ్ళు బారజాపుకుని పడుకున్నాను. అమ్మ మేజోళ్ళు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉన్నాయి. ఫోటోలో నేను నవ్వుతున్నానని పిన్ని చెప్పినట్లున్నది. అది ఎక్కిన మొదటి ఐదు నిమిషాలలో తీసినది.

మీకు మొదటి తరగతి పాసు అర్హత వచ్చిన సంవత్సరం మనం కాశీకి వెళ్ళాము. కూపేలో అమ్మ కింది బెర్తు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, "ఇంత చోటు మనకేనా" అని రెండుసార్లు అడిగింది. టికెట్ కలెక్టరు మీ పాసు చూసి నమస్కారం పెట్టి వెళ్ళిన తరువాత నేను "మనకు ఊరికే ఇచ్చారా నాన్నా" అంటే మీరు నవ్వలేదు. "ఊరికే కాదురా, ఇది నా సర్వీసు" అన్నారు. భట్టిప్రోలులో వానాకాలం రాత్రి డ్యూటీలు మీ సర్వీసు అయితే, ఆ ఆపరేషనుతో అమ్మ అనుభవించినది సర్వీసు కాదా? మీరు పాసు మీద ప్రయాణం చేయడం దర్జా కోసం కానట్లే, ఇదీ కాదు.

ఇప్పుడు విషయానికి వస్తాను. విమానసంస్థ ఖాతాలో 70 వేలు మిగిలి ఉన్నాయి. శారద కూడా ఈ మధ్య అటువంటి కార్డే తీసుకున్నది, దాని 80 వేలు వచ్చే వారం పడతాయి. ఇంటి ఖర్చుల మీద చేరిన చిల్లర పాయింట్లు హైదరాబాదు నుంచి దోహాకు సరిపోతాయి. సంక్రాంతి ఇంట్లో చేసుకోకుండా అమ్మ కదలదు కాబట్టి ఫిబ్రవరి చూశాను, రెండవ వారంలో రెండు సీట్లు ఉన్నాయి. నడుమ వరుసలో పక్కపక్కన ఉండేవి తీసుకుంటే మధ్య అడ్డు దింపేయవచ్చు, మీరిద్దరూ మాట్లాడుకుంటూ రావచ్చు. తలుపు మూస్తే అమ్మకు ఊపిరాడనట్లు ఉంటుందేమో, మూయకపోయినా ఎవరూ ఏమీ అనరు. చక్రాల కుర్చీ అడిగితే ఏ తరగతి వారికైనా ఉచితంగానే ఇస్తారు. క్రితంసారి మీరు "మేమేమన్నా రోగులమా" అని వద్దన్నారు, ఈసారి అమ్మ పేరున అడుగుతున్నాను, మీరు పక్కన నడిచి రండి. వీసా గడువు మీ ఇద్దరికీ ఇంకా ఉన్నది. తిరుగు ప్రయాణానికి అప్పటికి ఎన్ని పాయింట్లు చేరితే అన్ని. ఒక్క సీటుకే సరిపోతే అది అమ్మది, మీరు వెనుక కూర్చోవలసి వస్తుంది. ఆ మాట మీద మీకు అభ్యంతరం ఉండదనే అనుకుంటాను.

సీట్లు ఎవరి కోసమూ ఆగవు. ఆదివారం లోపల పాస్‌పోర్టుల మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీయించి బాబాయి ఫోను నుంచి పంపించండి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉన్నదో, పొడి అక్షరమే ఉన్నదో నాకు జ్ఞాపకం లేదు. టికెట్టు మీద అచ్చం అట్లాగే ఉండాలి, లేకపోతే విమానాశ్రయంలో ఇబ్బంది అవుతుంది. పాస్‌పోర్టులు బీరువాలో, ఎల్.ఐ.సి. బాండ్ల కింద, ఆకుపచ్చ కవరులో ఉన్నాయి. ఆగస్టులో నేనే పెట్టాను.

ఇట్లు,
మీ కుమారుడు
రాము

అమ్మకు: ఈ తరగతిలో మనిషికి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు తెచ్చుకోవచ్చు. క్రితంసారి 23 కిలోలు దాటిందని హైదరాబాదు విమానాశ్రయంలో పెట్టె విప్పించి, గోంగూర పచ్చడి డబ్బా బాబాయి చేతికి తిరిగి ఇచ్చి పంపావు కదా. ఈసారి నాన్నగారు స్ప్రింగు కాటా పట్టుకుని నీ వెనకాల తిరగవలసిన పని లేదు. డబ్బా మూతకు టేపు మాత్రం రెండు చుట్లు ఎక్కువ వేయించు.