విద్యుత్ పంపిణీ అధికారి గారికి బహిరంగ లేఖ: సోలార్ లెక్క తేలేది మీ జవాబుతోనే

అయ్యా,

ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాలా వద్దా అని మూడు రాత్రులుగా పాత కరెంటు బిల్లులు ముందేసుకుని కూర్చున్నాను. అమ్మేవాళ్లిచ్చిన కాగితంలో పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ లెక్క ఎలా వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు.

ప్యానెళ్ల శక్తి ఏటా సుమారు అర శాతం చొప్పున తగ్గినా, అవి 25 ఏళ్లు పనిచేస్తాయి. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్‌ను మాత్రం 10-15 ఏళ్లకు మార్చాల్సి రావచ్చు. ఆ ఖర్చు కాగితంలో లేదు. నీడ సంగతీ లేదు. మధ్యాహ్నం మూడింటికి నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీత గీసి చూసుకున్నాను. ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా వరుస మొత్తం ఉత్పత్తి తగ్గిపోవచ్చు.

ఇవన్నీ నేను సరిచూసుకోగలను. మిగతాది మీ చేతిలో ఉంది. పగలు మిగిలిన కరెంటును గ్రిడ్‌కు, అంటే మీ లైన్లలోకి, పంపితే, మేం కొనే ధరకే జమ చేస్తారా, తక్కువకా? పగలంతా తాళం వేసి ఉండే ఇళ్లకు లాభమా నష్టమా అన్నది ఇక్కడే తేలుతుంది. రేటు తర్వాత మారిస్తే పాత కనెక్షన్లకూ వర్తిస్తుందా? వాడకం సున్నా అయినా స్థిర ఛార్జీ కట్టాలా?

కౌంటర్‌లో అడిగితే "పెట్టించాక తెలుస్తుంది" అన్నారు. అప్పు చేసి పెట్టించేవాళ్లకు అది జవాబు కాదండీ, వడ్డీ మొదటి నెల నుంచే మొదలవుతుంది.

దయచేసి ఈ మూడింటికీ జవాబులు దరఖాస్తు ఫారం మొదటి పేజీలోనే అచ్చు వేయించండి.

ఇట్లు,
ఒక వినియోగదారు