ఇంట్లోనే యాంటెన్నా పెట్టుకునే హామ్ (అభిరుచి రేడియో) మిత్రులకు

అందరికీ నమస్కారమండీ. ఈ గాలివానలకి డాబా మీద యాంటెన్నా నిలవట్లేదని, ఇంట్లో పెడితే స్కానర్‌లో (రేడియో సిగ్నళ్లు వెతికి వినిపించే పెట్టెలో) గరగర తప్ప ఏమీ రావట్లేదని అమలాపురం, రాజోలు వైపు సభ్యులు అడుగుతున్నారు.

ముందు స్కానర్‌తో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నా తీసేయండి. మన 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి డైపోల్ (రెండు తీగల యాంటెన్నా) చాలు. 49 సెంటీమీటర్ల రాగి తీగలు రెండు తీసుకుని, పీవీసీ పైపుకి ఒకటి పైకి, ఒకటి కిందికి కట్టండి. స్కానర్‌కి వెళ్లే కేబుల్ మధ్యతీగ పైదానికి, చుట్టూ ఉండే జల్లెడ తీగ కిందిదానికి. నిలువుగానే నిలబెట్టాలి సుమండీ. రిపీటర్లు (సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే కేంద్రాలు), హ్యాండ్‌సెట్ల సిగ్నల్ నిలువుగా వస్తుంది, యాంటెన్నా అడ్డంగా పెడితే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.

ఎక్కడ పెట్టామన్నదే అసలు సంగతి. మేడ మీద గదిలో, కిటికీ దగ్గర, ఇనుప గ్రిల్‌కి ఎడంగా పెట్టండి. శ్లాబు ఇనుము, రేకుల కప్పు సిగ్నల్‌కి అడ్డం. మన డెల్టాలో కొండలు లేవు కాబట్టి ఎత్తు పెరిగేకొద్దీ దూరం కలిసొస్తుంది. వానకి తడిసిన కొబ్బరితోట వైపు కిటికీ మాత్రం వద్దు.

ఇన్వర్టర్, చవక ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటీ ఆపి వినండి, గరగర చాలాసార్లు వాటిదే.

1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి మన హామ్ రేడియో అవసరం వేరే చెప్పక్కర్లేదు. టంకం వేయడం రాకపోతే మొహమాటపడకుండా ఇక్కడే అడగండి.