పురుగుమందుల కొట్టుకు ఏడాది కోర్సు, మన సహాయకులకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

రైతు సేవా కేంద్రాల్లో ఉండి మాకు పంట సలహా చెప్పాల్సిన వ్యవసాయ, ఉద్యాన సహాయకుల శిక్షణ గురించి రాస్తున్నాను. ఈ పిల్లలు పనిచేయడం లేదని అందరూ తిడతారు, నాకైతే అలా అనిపించదు. పొద్దున్నుంచీ ఫోన్ పట్టుకుని ఈ-క్రాప్ నమోదు (ఏ చేలో ఏ పంట వేశారో యాప్‌లో ఎక్కించడం), పొలంలో నిలబడి ఫొటోలు, రైతుల వేలిముద్రలు, ఎరువుల అమ్మకం, ధాన్యం కొనుగోలు, వీటితోనే సరిపోతోంది వాళ్లకి. మా మండలంలో నేను చూసినంతవరకు వాళ్లని మీటింగుకి పిలిచారంటే అది కొత్త యాప్ ఎలా వాడాలో చెప్పడానికే, పంట గురించి పిలిచింది తక్కువ. మరి ఆకు ముడుచుకుంటే మేం ఎవర్ని అడగాలి?

మిరప సంగతే తీసుకోండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, అదీ ఇదీ కాకుండా ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చే జెమినీ వైరస్, మా వాళ్లు బొబ్బర అంటారు. మూడింటికీ దారులు వేరు. నల్లి అసలు పురుగుల జాతే కాదు, సాలీడు జాతి, దాని మందు దానికి ఉంది. తామర పురుగుకని సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వరసగా కొడితే నల్లీ తెల్లదోమా ఇంకా పెరుగుతాయి. వైరస్ పట్టిన మొక్కకైతే ఏ మందూ లేదు, పీకెయ్యాల్సిందే. ఈ తేడా పుస్తకంలో చదివితే రాదు, చేతిలో భూతద్దం పెట్టుకుని చేలో నాలుగు మొక్కలు తిప్పి చూపించేవాడు ఉంటే ఒక పూటలో వస్తుంది. మా పక్క ఊళ్లో కొత్తగా చేరిన ఒక సహాయకుడు రైతు చూపించిన ఆకు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. జవాబు వచ్చేలోపు ఆ రైతు కొట్టుకి వెళ్లి మూడు రకాల మందులు కలిపి కొట్టేశాడు. ఆ రైతుని ఏమని తప్పుపడతాం, రాత్రికి రాత్రి చేను పోతుందన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది కదా.

2021-22లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు జరిగింది గుంటూరు జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. అది పూతలో దూరి ఉంటుంది, పై నుంచి ఎంత కొట్టినా తగలదు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, యూరియా తగ్గించండి, వేపనూనె వాడండి, ఘాటు మందులు పదే పదే కొట్టకండి అని లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు, కానీ ఆ మాట చాలా ఊళ్లకి చేరేసరికి పూత రాలిపోయింది, కొందరు తోటలు దున్నేశారు. లాం ఫారం గుంటూరు పక్కనే ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయమూ అక్కడే ఉంది. ఇంత దగ్గర పెట్టుకుని కూడా మాట ఆలస్యమైందంటే మధ్యలో మోసే మనిషికి సకాలంలో చెప్పకపోవడమే అని నా ఉద్దేశం.

ఇంకో సంగతి. పురుగుమందుల కొట్టు నడిపేవాళ్లకి హైదరాబాద్‌లోని మేనేజ్ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003 నుంచి దేశీ (DAESI) అనే పేరుతో డిప్లొమా కోర్సు పెట్టింది, వారానికి ఒక రోజు చొప్పున 48 వారాలు, అందులో పొలాలు చూపించడం కూడా ఉంటుంది. మంచిదే, కాదనను. కానీ మందు అమ్ముకునే మనిషికి ఏడాదిపాటు వారం వారం నేర్పుతూ, మందు అమ్మి లాభం చూసుకునే పనిలేకుండా సలహా చెప్పాల్సిన మనిషిని యాప్‌కి అప్పగిస్తే రైతు ఎవరి మాట నమ్ముతాడు?

చదువు లేదని కాదు, బీఎస్సీ చేసినవాళ్లున్నారు, డిప్లొమా చేసినవాళ్లున్నారు. చిక్కు ఎక్కడంటే, ఊళ్లో ఏ పంట ఎక్కువుంటే ఆ శాఖ మనిషిని వేశారు. మిరప ఉద్యాన శాఖది, పత్తి వ్యవసాయ శాఖది, మా దగ్గరేమో రెండూ పక్కపక్క చేలల్లోనే ఉంటాయి. ఉద్యానం చదివిన అమ్మాయిని పత్తిలో గులాబీ రంగు పురుగుకి, మగ పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు ఎప్పుడు కట్టాలని అడిగితే పాపం తడబడుతుంది, నేర్పకపోతే ఎలా చెబుతుంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ఎనభైల్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో శిక్షణ-సందర్శన పద్ధతి నడిచింది, ఊళ్లలో తిరిగే సిబ్బందిని పదిహేను రోజులకోసారి పిలిచి వచ్చే పదిహేను రోజుల్లో పంటలో ఏం వస్తుందో చెప్పి పంపేవాళ్లు. అందులో లోపాలున్నాయి, పైనుంచి వచ్చిన ఒకే ముక్క అన్ని ఊళ్లలో అప్పజెప్పేవాళ్లని అప్పుడే అనుకునేవాళ్లం. అయినా పంట కాలాన్ని బట్టి శిక్షణ ఉండాలన్న అసలు విషయం సరైనదే, డబ్బు ఆగగానే అదీ ఆగిపోయింది.

కాబట్టి నేను అడిగేది ఇంతే. మిరప నాట్లు పడిన దగ్గర్నుంచి కోతల దాకా పదిహేను రోజులకో రోజు సహాయకులని లాం తీసుకెళ్లండి, హాల్లో తెర మీద బొమ్మలు వద్దు, చేలో నడిపించండి. పూతకి ముందే నల్ల తామర పురుగు పాఠం అయిపోవాలి, జనవరిలో చెప్పి లాభం లేదు. మిరప వాళ్లకి పత్తి, పత్తి వాళ్లకి మిరప కూడా చూపించండి. తలా ఒక భూతద్దం ఇవ్వండి, అదేమంత ఖరీదూ కాదు. బస్సు చార్జీలు వాళ్ల జేబులోంచి పెట్టించకండి. ఆ ఒక్క రోజుకి మాత్రం ఈ-క్రాప్‌లో ఎన్ని ఎకరాలు ఎక్కించావని పై నుంచి ఫోన్లు చేయకండి.

ఇట్లు,
ఒక మిరప, పత్తి రైతు,
పెదనందిపాడు మండలం, గుంటూరు జిల్లా