రస్ కొలంబోని విన్నారా?

పాత ఎల్పీల (వినైల్ గ్రామఫోన్ రికార్డుల) కట్టలో రస్ కొలంబో పాటల సంకలనం దొరికింది. 1930ల మొదట్లో అమెరికాలో ప్రముఖ గాయకుడు బింగ్ క్రాస్బీకి గట్టి పోటీ ఇచ్చిన గాయకుడు, ఇప్పుడు పేరే ఎవరికీ గుర్తులేదు. 1925లో ఎలక్ట్రిక్ రికార్డింగ్ (మైక్‌తో రికార్డు చేయడం) వచ్చాక గాయకులకు గొంతు చించుకునే పని తప్పింది. అందుకే కొలంబో మైక్‌కి దగ్గరగా, చెవిలో చెప్పినట్టు పాడతాడు. 1934లో, 26 ఏళ్లకే, స్నేహితుడి చేతిలో పాత పిస్టల్ పేలి చనిపోయాడు. జబ్బుతో ఉన్న తల్లికి ఆ సంగతి పదేళ్లపాటు, ఆమె పోయేదాకా, ఇంట్లోవాళ్లు చెప్పనేలేదు!

అసలు రికార్డింగులన్నీ 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులే (వినైల్ ఎల్పీ 1948లో గానీ రాలేదు), కాబట్టి కాస్త గరగర ఉంటుంది. దాన్ని మరీ శుభ్రం చేస్తే గొంతు పల్చబడుతుంది, నాకైతే గరగరే నయం. ఎవరి దగ్గరైనా ఆయన 78లు ఉంటే చెప్పండి. ఎల్పీ సూదితో మాత్రం వేయకండి, వాటికి వెడల్పు సూది కావాలి.