నాన్న అప్పీలు సంగతి

ఒరేయ్ శీనుగా,

ఇన్నాళ్ళూ ఉలుకూ పలుకూ లేదని తిట్టుకుంటున్నావని తెలుసు, సారీ రా. ఇక్కడ అందరం బానే ఉన్నాం, చంటిది ఎల్‌కేజీలో చేరింది, అమ్మ మోకాళ్ళు మామూలే, నీ బైకు అమ్మేశా, ఆ డబ్బుల సంగతి తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నా కడుపుబ్బిపోయేలా ఉంది.

సందు కేసు గెలిచాం అన్నా కదా. పక్కింటాయన దావా కొట్టేశారు, బానే ఉంది, కానీ తీర్పు చివర్లో ఎవరి ఖర్చులు వారివే అని ఒక్క ముక్క. ఇంకెవరైనా పోన్లే అనుకుంటారు. నాన్న అనుకుంటాడా? ప్లీడరు ఫీజు, స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనర్ ఫీజు, సాక్షుల బత్తా, చివరికి వాయిదా రోజు తాగిన టీ కూడా డైరీలో రాసి పెట్టాడు. సీపీసీ, అదే సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, ఆ పుస్తకం కొనుక్కొచ్చి సెక్షన్ 35 కింద ఎర్ర గీత కొట్టాడు, ఓడినవాళ్ళ చేత ఖర్చులు ఇప్పించకపోతే ఎందుకు ఇప్పించలేదో కోర్టు కారణం రాయాలట, రాయలేదు కాబట్టి అప్పీలు వేద్దాం అని. వట్టి ఖర్చుల మీద అప్పీలు మామూలుగా నిలబడదండీ, ఏదైనా న్యాయసూత్రం తప్పితేనే వింటారు అని ప్లీడరు గారు మొత్తుకున్నారు. కారణం రాయకపోవడం సూత్రం తప్పడం కాదా అంట! సున్నుండల పంచాయితీ గుర్తుందా, అదే గొంతు, అదే వేలు.

ఈలోగా నాన్న జారిపడి తుంటి ఆపరేషన్. అప్పీలుకి 30 రోజుల గడువు దాటేసింది. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు తీసేస్తారు గానీ అవి తీసేసినా ఆలస్యం రెండు నెలల పైనే తేలింది. ఇక లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ చెయ్యమని డిలే పిటిషను, అఫిడవిట్టు, డిశ్చార్జ్ సమ్మరీ. ఎక్స్‌రే కూడా పెట్టమంటాడు రా, గుమాస్తా వద్దన్నా వినడు.

మొన్న హియరింగు. అవతలి లాయరు లేచి, మంచంలో ఉన్నా సంతకం పెట్టొచ్చు కదా, ప్రతి రోజుకీ లెక్క చెప్పలేదు అన్నాడు. మా ప్లీడరు 1987 నాటి కాతీజీ కేసు తీశాడు, రోజురోజుకీ కారణం అడిగితే గంటగంటకీ, సెకను సెకనుకీ ఎందుకు అడగకూడదు, ఇంగితంతో చూడాలి అని సుప్రీంకోర్టు అన్నది అందులోనే. ఇంతలో వెనక బెంచీలో నాన్న చెయ్యెత్తాడు! ఒక చేత్తో వాకరు, ఇంకో చెయ్యి బళ్ళో పిల్లాడిలా పైకి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏంటి పెద్దాయనా అన్నారు జడ్జి గారు. "ఎక్స్‌రే కూడా ఉందండి." హాలంతా నవ్వులు. ఆయన నిజంగానే తెప్పించుకుని ట్యూబ్‌లైటు కేసి పెట్టి చూశారు.

ఆలస్యం మాఫీ చేశారు రా. కానీ అవతలి పార్టీకి ఖర్చుల కింద 1,000 రూపాయలు వారంలో కట్టాలి, కట్టకపోతే పిటిషను కొట్టేసినట్టే. అర్థమైందా? ఖర్చులు రాబట్టుకుందామని వెళ్ళి...

నేనైతే నవ్వాపుకోలేక వరండాలోకి వచ్చేశా. నాన్న వాకరు ఈడ్చుకుంటూ వచ్చి అక్కడే రెండు ఐదొందలు తీసి అవతలి లాయరు చేతిలో పెట్టి రసీదు అడిగాడు. ఆయన కాయితం వెతుక్కుంటుంటే నాన్నే డైరీలోంచి ఒకటి చింపిచ్చాడు, పెన్ను కూడా ఈయనదే. పక్కనే నిలబడ్డాడు పక్కింటాయన, "కాలెలా ఉంది అన్నయ్యా" అన్నాడు. కేసు పడ్డాక అదే మొదటి మాట. "నొప్పుంది" అన్నాడు నాన్న, అంతే. ఆటోలో ఇంటిదాకా నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు రా, ఈ వయసులో ఇద్దరూ ఆ మెట్ల మీద... సరే వదిలెయ్.

ఇంటికొచ్చి ఆ వెయ్యీ డైరీలో ఎక్కించి, ఇది కూడా అప్పీల్లో అడగొచ్చేమో కనుక్కో అంటున్నాడు! నేనేం కనుక్కోను, ఇంకా అప్పీలుకి నంబరే పడలేదు, ఖర్చులు కట్టినట్టు మెమో వెయ్యాలి, తర్వాత నోటీసులు... అదిగో పిలుస్తున్నాడు, రసీదు జిరాక్సు తీయించాలట, షాపు కట్టేస్తారు, ఉంటా.

నీ
రాంబాబు